మూడో గడి

అమీర్‌పేట,
జూన్ 18.

చిన్నాయనకు చంద్రిక నమస్కారాలు.

అక్కడ షోలాపూర్‌లో నువ్వూ చిన్నమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను. మొన్న ఫోన్ చేస్తే చిన్నమ్మ, "మీ చిన్నాయనకు రెండు చెవులూ పోయినయ్ బిడ్డా, చెవిల మైకు పెట్టినా ఇనపడది" అని నవ్వింది. అందుకే ఈ ఉత్తరం. పోస్టాఫీసులో స్టాంపు అడిగితే కౌంటర్ దగ్గరి మనిషి నన్ను ఎగాదిగా చూశాడు. నీ కోసం ఆ చూపు కూడా భరించాను, గుర్తుపెట్టుకో.

అసలు సంగతి, నాకు ఉద్యోగం దొరికింది. ఎక్కడో చెబితే కూర్చున్నచోట నుంచి లేస్తావు. వానాకాలం కంట్రోల్ రూంలో, పెళ్లికి ముందు నువ్వు పనిచేసిన ఆ రెండో అంతస్తు గదిలోనే. ఇప్పుడు కిటికీ ముందు నుంచి మెట్రో పోతుంది. ఎక్కడ నీళ్లు నిలిచినా, చెట్టు కూలినా, మ్యాన్‌హోల్ పొంగినా ఫోన్ నాకు వస్తుంది, నేను బండిని పంపుతాను. గోడ మీద పెద్ద తెర ఉంది. ఏ బస్తీలో ఎన్ని మిల్లీమీటర్లు పడిందో అందులో కనబడుతుంది. మా సూపర్‌వైజర్ విజయేందర్ సార్ పొద్దున రాగానే దానికి దండం పెట్టడం ఒక్కటే తక్కువ.

ఇంత చేసినా మీ కాలపు రిజిస్టర్ పోలేదు చిన్నాయనా. అవే మూడు గడులు. పోయి చూశారా, నీళ్లున్నాయా, మనుషులున్నారా. మూడూ నింపి సంతకం పెడితేనే కాల్ ముగిసినట్టు. ఒకే చోటు నుంచి మూడు ఉత్త కాల్స్ వస్తే ఆ చిరునామా మీద ఎర్ర గీత పడుతుంది. ఆ తర్వాత అక్కడ నుంచి ఎవరు మొత్తుకున్నా బండి కదలదు. నీతో పనిచేసిన మొగిలయ్య మామే ఇప్పుడు బండి మేస్త్రీ. ఈ పద్ధతి మీ రోజుల నుంచీ ఉందని ఆయనే చెప్పాడు.

నిన్న ఒక వింత జరిగింది. మూలన పాత ఎర్ర ఫోన్ ఒకటి ఉంది. దాని నంబరు గోడల మీద ఇంకా అక్కడక్కడా ఉందని తీసేయలేదు. మధ్యాహ్నం మూడూ నలభైకి అది మోగింది. ఎవరో ఆడమనిషి, పెద్దావిడ. "నేల మీది జాలీల నుంచి నీళ్లొస్తున్నయమ్మా. పాదాలు మునిగినయ్. జర ఎవరినన్న పంపు" అంది. చిరునామా అడిగితే, పంజాగుట్ట పోయే దారిలో నాలా పక్క గల్లీ, గుల్‌షన్ కాంప్లెక్స్ సెల్లార్ అని చెప్పింది. మాట వెనక కుట్టుమిషన్ తొక్కుతున్న చప్పుడు. నీళ్లొస్తుంటే ఎవరైనా మిషన్ తొక్కుతూ కూర్చుంటారా? కిటికీలోంచి చూస్తే అప్పడాలు ఎండబెట్టుకునే ఎండ.

మొగిలయ్య మామను పంపాను. సెల్లార్‌కు తాళం ఉందట. వాచ్‌మన్ దగ్గర తాళంచెవి తెచ్చి తెరిస్తే అంతా దుమ్ము, సాలెగూళ్లు, చుక్క నీరు లేదు. వచ్చి రిజిస్టర్ ముందు కూర్చున్నాడు. రెండు గడులు నింపి, మూడో గడి మీద పెన్ను పెట్టి చాలాసేపు అలాగే ఉన్నాడు. చాయ్ కూడా ముట్టలేదు. ఇంకో సంగతి, ఫోన్‌కు తగిలించిన చిన్న డబ్బా మీద పడిన నంబరులో ఏడు అంకెలే ఉన్నాయి. ఇప్పుడు ఎనిమిది కదా.

నీకా కాంప్లెక్స్ తెలుసా? తెలిస్తే రాయి.

నీ బిడ్డ,
చంద్రిక

*

షోలాపూర్,
జూన్ 27.

చిరంజీవి చంద్రికకు చిన్నాయన ఆశీస్సులు.

నీ ఉత్తరం చూసి చిన్నమ్మ వీధంతా తిరిగి చెప్పింది, మా బిడ్డకు హైదరాబాద్‌లో సర్కారు గదిలో కుర్చీ దొరికిందని. కుర్చీ దొరికినందుకు నాకూ సంతోషమే. ఆ గది అయినందుకు కాదు.

ఇక్కడ అంతా మామూలే. మరమగ్గాల షెడ్డులో పన్నెండు గంటలు. పక్కవాడు తిడుతున్నాడో పొగుడుతున్నాడో తెలియదు కాబట్టి అందరితో సఖ్యంగా ఉన్నాను. చెవులు పోతే ఇంత సుఖమని ముందు తెలియలేదు.

గుల్‌షన్ కాంప్లెక్స్ నాకు గుర్తు లేదు. ఇరవై ఐదేళ్లయింది, ఎన్ని గల్లీలని గుర్తుంటాయి. పాత తీగలు తుప్పు పట్టి ఒకరి మాట ఒకరికి కలుస్తుంటాయి, అంతకు మించి ఏమీ లేదు. ఆ ఎర్ర ఫోన్ తీగ పీకి పక్కన పెట్టు. సార్ అడిగితే ఎలుక కొరికిందని చెప్పు. ఎట్టి పరిస్థితిలోనూ నువ్వు ఆ పదకొండు మెట్లు దిగవద్దు. మొగిలయ్యను కూడా పంపవద్దు.

ఆమె పాదాల దాకా నీళ్లని చెప్పిందన్నావు, సరే. ఇంకేమైనా అడిగిందా? ఎవరి పేరైనా?

వేళకు తిను. నీళ్లు కాచి తాగు.

చిన్నాయన,
అంబదాస్

*

అమీర్‌పేట,
జులై 16.

చిన్నాయనా,

ఫోన్ తీగ పీకలేదు. పీకుదామని వంగినప్పుడే మోగింది.

మళ్లీ మూడూ నలభై, మళ్లీ ఎండ. "మోకాళ్ల దాక వచ్చినయ్ బిడ్డా. షట్టర్ లేస్తలేదు. గుంజి గుంజి చేతులు పోయినయ్" అంది. గొంతులో ఏడుపు లేదు. సందు చివర కూరగాయలవాడిని పిలిచినట్టు మాట్లాడింది, అదే నన్ను భయపెట్టింది. వెనక మిషన్ చప్పుడు ఈసారి ఆగి ఆగి వస్తోంది, తొక్కుతున్న కాళ్లకు నీళ్లు అడ్డం పడుతున్నట్టు. ఫోన్ పెట్టేశాక నా చెవి తడిగా ఉంది. చెమట అనుకుని చున్నీతో తుడుచుకున్నాను. నాలా మురుగు వాసన వచ్చింది.

ఈసారి మొగిలయ్య మామతో నేనూ పోయాను. నువ్వు వద్దన్నావని తెలుసు. సెల్లార్‌కు ఇప్పుడు తాళం లేదు. మంజూష అనే ఆవిడ ఈ నెల ఒకటో తారీఖున అద్దెకు తీసుకుని పెళ్లి జాకెట్లు కుట్టే దుకాణం పెట్టింది. తనతో కలిపి తొమ్మిది మంది ఆడవాళ్లు. చల్లగా ఫ్యాన్లు, రేడియోలో పాటలు. నేల మీద చుక్క నీరు లేదు. మంజూష నవ్వి, "నీళ్లా? తాగనీకే క్యాన్ తెప్పిచ్చుకుంటున్నం అక్కా" అంది. ఫోన్ మేమెవరం చేయలేదంది. మూలన తుప్పు పట్టిన పాత కాలు మిషన్ ఒకటి ఉంది. కదిలిస్తే కదల్లేదట, అలాగే వదిలేసింది. తిరిగి వస్తుంటే నేల మధ్యలోని జాలీలో ఒక బుడగ లేచి పగిలింది. మొగిలయ్య మామ నా చెయ్యి పట్టుకుని పైకి లాక్కొచ్చాడు.

విజయేందర్ సార్ తెర చూపించాడు. అమీర్‌పేట, సున్నా. "ఇగో, సున్నా మిల్లీమీటర్లమ్మా. నీళ్లు ఆకాశంల నుంచి గాక ఏడికెళ్లి వస్తయ్? ఇంకొక్కసారి చేస్తే ఎర్ర గీతనే" అన్నాడు. గీత పడితే, రేపు నిజంగా నీళ్లొచ్చినా ఆ తొమ్మిది మంది కోసం బండి పోదు చిన్నాయనా. 

ఇంకొకటి. నా ఉత్తరంలో మెట్ల లెక్క నేను రాయలేదు. మొన్న దిగుతూ లెక్కపెట్టాను. పదకొండే.

చంద్రిక

*

షోలాపూర్,
జులై 25.

చంద్రికకు,

సెల్లార్ అంటే పది పన్నెండు మెట్లుంటాయి. ఏదో రాశాను. దానికి ఇంత ఆరా ఎందుకు?

ఆ ఉద్యోగం మానెయ్యి. మాసబ్ ట్యాంక్ వైపు ఆఫీసుల్లో నాకు తెలిసినవాళ్లున్నారు, చెప్పిస్తాను. పెద్దవాడిని, నా మాట విను.

మానని పక్షంలో ఒక్క పని నేర్చుకో. మీ సార్‌కు ఆ తెర ఎట్లాగో మా కాలంలో మాకు కిటికీ అట్లా. ఫోన్ వస్తే లేచి కిటికీలోంచి ఆకాశం చూసేవాళ్లం. మబ్బు లేకపోతే ఉత్త కాల్ అని రాసేవాళ్లం. అందరమూ అదే చేసేవాళ్లం, ఎవరూ తప్పనలేదు. అది తప్పు బిడ్డా. అమీర్‌పేట నాలాకు అమీర్‌పేట ఆకాశంతో పని లేదు. యూసుఫ్‌గూడలో, శ్రీనగర్ కాలనీ ఎత్తుల మీద కుండపోత పడితే, ఇక్కడ ఎండ కాస్తుండగానే ముప్పావు గంటకు నాలా నిండుతుంది. నిండిన నాలా నేల కింది పైపుల్లోకి ఎదురు తంతుంది. వీధిలో చుక్క లేకుండానే సెల్లార్ జాలీలోంచి నీళ్లు లేస్తాయి. కాబట్టి ఫోన్ వస్తే కిటికీ చూడకు, తెర చూడకు. ఎత్తు మీద ఉన్న ఎవరికైనా ఫోన్ చేసి అక్కడ వాన ఉందా అని అడుగు.

నేనడిగినదానికి నువ్వు జవాబు రాయలేదు. ఆమె ఎవరి పేరైనా అడిగిందా?

అంబదాస్

*

అమీర్‌పేట,
ఆగస్టు 5.

చిన్నాయనా,

అడిగింది. రాయకపోవడానికి కారణం చిన్నమ్మ. ఉత్తరాలు ముందు తనే విప్పుతుందని నాకు తెలుసు. ఎవరో ఆడమనిషి నీ పేరు పట్టుకుని ఫోన్లు చేస్తోందని రాస్తే ఇంట్లో గొడవవుతుందనుకున్నాను, అందుకే ఇది నీ షెడ్డు చిరునామాకు పంపుతున్నాను. పెళ్లికి ముందు నీకేదో కథ ఉందని నవ్వుకున్నాను కూడా. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

మొదటిసారి ఆమె అన్న మొదటి మాట, "అంబదాస్ భాయ్ లేడా?" ఊళ్లో లేడన్నాను. రెండోసారి ఫోన్ పెట్టేసే ముందు అడిగింది, "అంబదాస్ భాయ్ బయల్దేరిండా?" అని. ఆ గొంతు వింటూ లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. "బయల్దేరిండు" అన్నాను. "అచ్ఛా" అని పెట్టేసింది.

ఎందుకో తెలియకుండానే నీ కోసం నేను అబద్ధం ఆడాను. మొగిలయ్య మామకు ఆ మాట చెబితే ఆయన బండి మెట్టు మీద కూర్చున్నాడు. "గా మాటనే అన్నవా? సరిగ్గ గా మాటనేనా?" అని రెండుసార్లు అడిగాడు. ఆమె ఎవరంటే, "మీ చిన్నాయననే అడుగు. నేను నోరిప్ప" అని లేచి వెళ్లిపోయాడు.

అడుగుతున్నాను. అక్కడ తొమ్మిది మంది కూర్చుని ఉన్నారు. ఇంకొక్క కాల్ వస్తే ఎర్ర గీత. ఈసారి ఉద్యోగం మానెయ్యమని, నీళ్లు కాచి తాగమని రాయకు. ఆమె ఎవరు?

చంద్రిక

*

షోలాపూర్,
ఆగస్టు 19.

చంద్రికకు,

మూడు కాగితాలు చించి ఇది రాస్తున్నాను. చిన్నమ్మకు చూపలేదు. ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది.

ఆమె పేరు లతీఫా. అక్క అన్నట్టు అందరమూ ఆపా అనేవాళ్లం. ఆ సెల్లార్‌లో ఒంటరిగా బట్టలు కుట్టేది. గోడకు ఫోన్ ఉండేది. జాలీలో కాస్త చెమ్మ కనబడినా మాకు ఫోన్ చేసేది. ఆ సంగతి జరిగిన వారంలోనే రెండుసార్లు సైకిల్ తొక్కుకుంటూ పోయి ఏమీ లేక తిరిగొచ్చాను. "ఫికర్ చెయ్యకు ఆపా" అంటే, "నీళ్ల మీద నాకు ఎతబార్ లేదు భాయ్" అని నవ్వేది. ఆమెకు నీళ్ల మీద నమ్మకం లేదు, నా మీద ఉంది.

అది నా పెళ్లి నెల, శ్రావణం. మీ చిన్నమ్మ పెళ్లి జాకెట్ ఆమెకే ఇచ్చాను. ఆ పొద్దున పోయి, "రేపటికల్లా కావాలె ఆపా" అని తొందరపెట్టి వచ్చాను. నువ్వు ఫోన్‌లో విన్న మిషన్ చప్పుడు ఆ జాకెట్‌దే.

మధ్యాహ్నం నేనూ మొగిలయ్యా ఆఫీసులో క్యారమ్స్ ఆడుతున్నాం. మూడూ నలభైకి ఫోన్. పాదాలు మునిగాయంది. వస్తున్న ఆపా అన్నాను. లేచి కిటికీ చూశాను. మబ్బు తునక లేదు. వచ్చి మళ్లీ బోర్డు ముందు కూర్చున్నాను. రెడ్ వేసే వంతు నాది.

పావుగంటకు మళ్లీ ఫోన్. మోకాళ్ల దాకా అంది, నమాజుకని కిందికి దించిన షట్టర్ బురద పట్టి లేవడం లేదంది. ఇంకా అక్కడే ఉన్నానని తెలిస్తే సిగ్గు కదా, గొంతు మార్చాను. "అంబదాస్ భాయ్ బయల్దేరిండా?" అని అడిగితే వేరేవాడిలాగా "బయల్దేరిండు" అన్నాను. ఆ మాటే ఇరవై ఐదేళ్లకు నీ నోట వచ్చింది.

మూడోసారి ఎత్తలేదు. మొగిలయ్య "ఎత్తరాదే" అన్నాడు. మోగనీ అన్నాను. పందొమ్మిదిసార్లు మోగి ఆగింది. చప్పుడు లేకుండా పోయిన గదిలో రిజిస్టర్ తీసి రాశాను. పోయి చూసిన. నీళ్లు లేవు. మనుషులు లేరు. సంతకం పెట్టాను.

మర్నాడు మొగిలయ్యే ఆమెను పైకి తెచ్చాడు. జాకెట్ పై అరలో, తడవకుండా మడిచి ఉందట. నేను చూడలేదు. ఎవరూ నన్నేమీ అడగలేదు, రిజిస్టర్‌లో మూడు గడులూ నిండి ఉన్నాయి కదా. పెళ్లయిన పదో రోజు ఉద్యోగం వదిలి ఇక్కడికి వచ్చాను. ఏ గదిలో ఉన్నా ఫోన్ మోగుతున్నట్టే ఉండేది. ఊరిలో అన్నిటికంటే ఎక్కువ మోత ఉన్న షెడ్డు ఏదని అడిగి అందులో పనికి కుదిరాను. చెవులు పోయాయని అందరూ జాలి పడతారు. నేనే పోగొట్టుకున్నాను బిడ్డా. అయినా పందొమ్మిదీ వినబడుతూనే ఉన్నాయి.

మూడోసారి ఆమె ఏం చెప్పబోయిందో ఎవరికీ తెలియదు. ఆ ఫోన్ మోగితే, నువ్వన్నా ఎత్తు.

అంబదాస్

*

అమీర్‌పేట,
సెప్టెంబర్ 22.

చిన్నాయనా,

నీ ఉత్తరం చదివి నీ మీద కోపంతో పది రోజులు ఏమీ రాయలేదు. ఆ తర్వాత జరిగింది రాయడానికి ఇన్నాళ్లు పట్టింది. ఇప్పుడు వరుసగా చెబుతాను.

ఈ నెల మూడో తారీఖు, మూడూ నలభైకి ఎర్ర ఫోన్ మోగింది. ఎండ మామూలే, తెర మీద సున్నా మామూలే. ఎత్తాను. మిషన్ చప్పుడు లేదు. నీళ్ల మాట ఎత్తలేదు. "గీడ ఆడపిల్లలున్నరు బిడ్డా, తొమ్మిది మంది. నా కోసం కాదు. వాళ్లను తీస్కపో" అంది. మూడోసారి ఆమె నీకేం చెప్పాలనుకుందో నాకు తెలియదు. నాకు చెప్పింది ఇదీ.

నువ్వు రాసినట్టే శ్రీనగర్ కాలనీలో ఉన్న నా స్నేహితురాలికి ఫోన్ చేశాను. "ఏంది చంద్రికా, అరగంట నుంచి కుండపోత, నీ మాట ఇనపడ్తలేదు" అంది. విజయేందర్ సార్ ఎర్ర పెన్ను మూత తీస్తున్నాడు. మొగిలయ్య మామ బండి ఖైరతాబాద్ గణపతి దగ్గర జనంలో చిక్కుకుంది. సార్ పిలుస్తుండగానే చెప్పులు చేత పట్టుకుని ఉరికాను.

మంజూష గొడవ పెట్టింది. "ఎండ కొడ్తుంటె బయటికి పొమ్మంటవేంది అక్కా, రేపు చర్చిల పెళ్లి ఉంది, జాకెట్లియ్యాలె" అని. నేల మధ్య జాలీలో బుడగలు చూపించాను. ఒకటి, రెండు, తర్వాత గుప్పెడు. ఎనిమిది మందిని పైకి తోలాను. పైన లెక్కపెడితే మంజూష లేదు. పై అరలో పెళ్లికూతురి జాకెట్ ఉందని మళ్లీ దిగింది.

నేనూ దిగాను. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి, కరెంటు పోయింది. ఆ చీకట్లో మూలన మిషన్ తిరుగుతోంది చిన్నాయనా. తుప్పు పట్టి కదలనన్న ఆ కాలు మిషనే. మంజూష కూడా వింది. అటు తిరిగి బిగుసుకుపోయి నిలబడింది. నేను జాకెట్‌తో సహా ఆమెను జబ్బ పట్టి మెట్లెక్కించాను. మేం పైకి వచ్చిన పావుగంటకు నీళ్లు కప్పును తాకాయి. వీధిలో జనం ఎండలో నిలబడి వింత చూశారు. తొమ్మిది మందీ బతికి ఉన్నారు.

ఎర్ర గీత పడలేదు. గదికి తిరిగి వస్తే సార్ ఎర్ర ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నాడు, ముఖంలో నెత్తురు లేదు. నేను లేనప్పుడు మళ్లీ మోగిందట. ఏమడిగిందో చెప్పలేదు. ఆ రోజు నుంచి తెర చూడడం మానేసి, ప్రతి కాల్‌కూ ఎత్తు మీది బస్తీలకు ఫోన్ చేయిస్తున్నాడు.

అయినా ఫోన్ ఆగలేదు. ఇరవై రోజులుగా రోజూ మూడూ నలభైకి మోగుతోంది. నీళ్ల మాట లేదు, సాయం అడగడం లేదు. ఒక్కటే మాట. "అంబదాస్ భాయ్ బయల్దేరిండా?"

నేను ఏం చెప్పాలి? ఇంకోసారి అబద్ధం ఆడలేను.

చంద్రిక

*

షోలాపూర్,
అక్టోబర్ 1.

బిడ్డా,

బయల్దేరిండు అని చెప్పు. గురువారం, తొమ్మిదో తారీఖు వస్తున్నాను. చిన్నమ్మకు అంతా చెప్పాను. ఆమె ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు, కానీ బట్టలు సర్దిపెట్టింది.

అంబదాస్

*

అమీర్‌పేట,
అక్టోబర్ 13.

చిన్నాయనా,

క్షేమంగా చేరావని చిన్నమ్మ ఫోన్‌లో చెప్పింది. ఇక్కడ నువ్వు నాతో నాలుగు మాటలు కూడా మాట్లాడలేదు, అందుకని అడగాల్సింది కాగితం మీద అడుగుతున్నాను.

పంజాగుట్ట చౌరస్తాలో బస్సు మన వెనకే హారన్ కొట్టింది. ఊరంతా ఉలిక్కిపడింది, నువ్వు కదల్లేదు. నేనే చెయ్యి పట్టి లాగాను. అంటే నీ చెవుల సంగతి నాకు అనుమానం లేదు.

సెల్లార్ ముందు మొగిలయ్య మామ నీ భుజం మీద చెయ్యి వేసి, "నేను సుత వస్త అన్నా. గా రోజు నేను సుత లేవలే" అన్నాడు. నువ్వు ఆయన పెదాలు చూసి వద్దని తల ఊపి ఒక్కడివే దిగావు. నేనూ మొగిలయ్య మామా మంజూషా పైన నిలబడ్డాం. మంజూష దుకాణం పై అంతస్తుకు మార్చుకుంది కాబట్టి కింద ఏమీ లేదు, ఆ పాత మిషన్ తప్ప. నెల రోజులుగా ఎండి, నేల మీద బురద పెచ్చులు లేచి ఉంది.

తొమ్మిదో మెట్టు మీద ఆగావు. తల పక్కకు తిప్పావు. చెయ్యి చెవి దగ్గరికి ఎత్తావు, ఫోన్ పట్టుకున్నట్టు. "ఆ, వచ్చిన ఆపా. వచ్చిన" అన్నావు. చెవులున్న మా ముగ్గురికీ ఏమీ వినబడలేదు. మిగతా రెండు మెట్లూ దిగి మిషన్ ముందు చాలాసేపు కూర్చున్నావు. పైకి వచ్చినప్పుడు నీ ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి ఉంది. నువ్వు నడిచిన ప్రతి మెట్టు మీదా నీళ్ల మరక. కింద చూస్తే నేల ఎండిపోయే ఉంది.

ఆ రోజు నుంచి ఎర్ర ఫోన్ మోగలేదు. రోజూ మూడూ నలభైకి మేమంతా పని ఆపి దాన్నే చూస్తున్నాం.

పాత బీరువాలో నీ రిజిస్టర్ దొరికింది. నీ వరుస చూశాను, చేతిరాత చాలా అందంగా ఉంది. దాన్ని ఏం చేయను? అక్కడ నువ్వేం విన్నావు?

చంద్రిక

*

షోలాపూర్,
అక్టోబర్ 21.

బిడ్డా,

ఫోన్ మోగింది. ఇరవయ్యోసారి. ఎత్తాను.

ఆమె తిట్టలేదు. ఇన్నాళ్లెక్కడున్నావని అడగలేదు. "జాకెట్ అయింది భాయ్, హుక్కులు కుట్టుడే ఉన్నది. కూసో" అంది. కూర్చున్నాను. అయ్యేదాకా కూర్చున్నాను. నీళ్లు చల్లగా ఉన్నాయి.

ఇక్కడికి వచ్చాక షెడ్డుకు పోలేదు. ఇంట్లో ఇప్పుడు నిజంగా ఏమీ వినబడదు. చిన్నమ్మ మాట్లాడడం మొదలుపెట్టింది, పెదాలు చూసి అర్థం చేసుకుంటున్నాను.

రిజిస్టర్‌లో నా వరుస కొట్టివేయకు. నా అబద్ధం అట్లాగే ఉండనీ, వచ్చేవాళ్లు చూడనీ. ఆ పేజీ కింద ఖాళీ ఉంటుంది. అక్కడ మొన్న నేను దిగిన తొమ్మిదో తారీఖు వేసి, మూడు గడుల్లో నేను చెప్పినట్టు రాయి. సంతకం నేనే పెట్టాలి కదా, ఈ కాగితం చివర ఉన్నదాన్ని కత్తిరించి అతికించు.

పోయి చూసిన.
నీళ్లున్నయ్.
మనిషి ఉన్నది.

అంబదాస్